బండి పక్కన పెట్టి వస్తా

మిరపగింజ ఏడుపు మొదలుపెట్టి ఎంతసేపయిందో పెద్దక్క చూసుకోలేదు. గోడ గడియారం వైపు తల తిప్పితే ఆ తిప్పడం అద్దం వెనకున్నవాళ్ళు చూస్తారు, చూస్తే ఈమెకు కంగారు పుట్టిందని రాసుకుంటారు, కంగారేమీ లేదు, ఒంట్లో మూలమూలా వెతికినా దొరకడం లేదు, దొరుకుతున్నదల్లా మోకాళ్ళ నొప్పి. నర్సరీ గదిలో చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం తనతో చదివే అమ్మాయిలకు సరదా, నలభై దాటిన ఒంటికి అదొక వేరే పరీక్ష, దానికి మార్కులు కూడా ఉండవు. ఆ అమ్మాయిలే చేరిన మొదటి రోజు తనను చూసి మేడమ్ అనుకుని లేచి నిలబడ్డారు, తోటి విద్యార్థిని అని తెలిశాక ముక్కున వేలేసుకున్నారు, ఆ తర్వాత పెద్దక్క అని పిలవడం మొదలుపెట్టారు, ఇప్పుడు ప్రొఫెసర్ మేడమ్ కూడా హాజరు వేసేటప్పుడు తప్ప అలాగే పిలుస్తుంది. ఇంట్లో కూతురైతే, రంగులు దిద్దించడానికి కూడా పీజీ చెయ్యాలా అమ్మా అని ఏడిపిస్తుంది. ఏడిపించనీ. ఎదురుగా గుమ్మం ఉంది, గుమ్మానికీ తనకూ మధ్య మూడేళ్ళ పిల్ల, ఆ మిరపగింజే, నేల మీద బోర్లా పడి, భుజాన సంచీ అలాగే ఉంచుకుని, బూట్లతో నేలను టపటపా కొడుతూ, గొంతు చించుకుని ఏడుస్తోంది.

కుడివైపు గోడంతా అద్దమే. ఇటునుంచి చూస్తే అద్దం, అటునుంచి చూస్తే కిటికీ. అటువైపు దీపం ఆర్పిన చిన్న గదిలో ప్రొఫెసర్ మేడమ్, వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షాధికారి కూర్చుని ఉన్నారు, ఆయన ఒళ్ళో కాగితాలు, చేతిలో పెన్ను. బాల్య విద్య, కుటుంబ వికాసం అని ఒక్క ఊపిరిలో పలకడం కష్టమయ్యే ఈ చదువుకు ఇదే చివరి ప్రాక్టికల్. పిల్లలు ఇళ్ళనుంచి వచ్చే మొదటి గంట, గదిని విద్యార్థిని ఒక్కతే నడపాలి. గంట గడిచేసరికి గది కుదురుకుంటే పట్టా, కుదురుకోకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి, ఈలోగా తను ఇన్నేళ్ళు పనిచేసిన శిశు కేంద్రంలో పెద్ద టీచర్ కుర్చీ ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఆ కుర్చీ కోసమే ఈ వయసులో పుస్తకాలు పట్టుకుంది. ఇప్పుడు గది ఎలా ఉందయ్యా అంటే, కుదురుకోవడం మాట దేవుడెరుగు, మిరపగింజ ఏడుపు విని కిటికీ దగ్గరి కవలల్లో ఒకడు మూతి వంకర పెడుతున్నాడు, వాణ్ణి చూసి రెండోవాడు కూడా సిద్ధమవుతున్నాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకొచ్చిన ఇంకొకడు అద్దానికి ముఖం ఆనించి తీరిగ్గా ముక్కులో వేలు పెట్టుకుంటున్నాడు, లెక్క ప్రకారం అది సరిగ్గా పరీక్షాధికారి ముఖానికి ఎదురుగా. పెద్దక్కకు నవ్వొచ్చింది, లోపలికి మింగేసింది.

నిన్న సాయంత్రం గది వదిలి వెళ్ళేటప్పుడు రంగు నీళ్ళ బల్ల ఎంత ముచ్చటగా సర్దిపెట్టుకుందో. ఎర్ర నీళ్ళు, పచ్చ నీళ్ళు, గరాటులు, చిన్న చెంబులు, కింద తువ్వాళ్ళు. పిల్లలంతా చుట్టూ చేరి నీళ్ళు పోసుకుంటూ ఉంటే తను మధ్యలో వంగి, ఎక్కువేది తక్కువేది అని అడుగుతూ, పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంటుందనుకుంది. ఇప్పుడు ఆ బల్ల దగ్గర ఆయమ్మ ఒక్కతే ఉంది, నేల తుడవడానికి మాత్రమే ఉండాల్సిన మనిషి గరాటు పట్టుకుని నలుగురికి నీళ్ళు పంచుతూ, మధ్యమధ్యలో పెద్దక్క వైపు చూసి కళ్ళతోనే తిడుతోంది. ఇందాక బిస్కట్టు పట్టుకుని మిరపగింజ దగ్గరికి వచ్చింది కూడా. పెద్దక్క వద్దని తల ఊపింది. నీ ఇష్టమమ్మా, పరీక్ష నీది అని గొణుక్కుంటూ వెళ్ళి ఆ బిస్కట్టు తనే తినేసింది. ఈ ఏడుపు బిస్కట్టుకు లొంగేది కాదు. బొమ్మ కోసం ఏడ్చే పిల్లలు ఒక కన్ను తెరిచి మనం చూస్తున్నామా లేదా అని చూసుకుంటారు, నిద్ర ఏడుపు చెవి రుద్దుకుంటుంది, ఆకలి ఏడుపుకు ఆగి ఆగి వినే ఓపిక ఉంటుంది. ఇది అవేవీ కాదు. ఈ పిల్ల ఇక్కడ చేరి మూడు నెలలైంది, ఒక్క రోజూ ఏడవలేదు, ఆ బాకీ అంతా ఇవాళ తీరుతోంది.

ఒక్క రోజూ ఏడవలేదనే కదా అందరూ మురిసిపోయింది. వాళ్ళ నాన్న సరుకుల వ్యాను నడుపుతాడు, పొద్దున్నే గుమ్మం దగ్గర దించి, బండి పక్కన పెట్టి వస్తా అంటాడు, వెళ్ళిపోతాడు, మళ్ళీ సాయంత్రమే కనిపిస్తాడు. పిల్ల మారు మాట్లాడదు. లోపలికొచ్చి గుమ్మం కనిపించే చోట నిలబడుతుంది. సంచీ తీయనివ్వదు, బూట్లు విప్పనివ్వదు, పాలు నిలబడే తాగుతుంది. బంగారం, ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది అని ఆయమ్మ మెచ్చుకునేది. పరిశీలనకు వచ్చిన అమ్మాయిలంతా ఏడవడం లేదు కాబట్టి కుదురుకుంది అని రాసుకుని, ఏడ్చేవాళ్ళ వెంట పడ్డారు. ఈ చదువు చదివేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది, ఏడుపును కొలవడం నేర్చుకున్నాక ఏడుపు లేనిచోట కొలవడానికి ఏమీ లేదనుకోవడం. పెద్దక్కకు అనుమానం వచ్చింది మాత్రం వేరే దారిన. ఒకరోజు ఆయమ్మ ఈ పిల్లను ఎత్తుకుని చేపల తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, అదిగో ఎర్ర చేప, చూడు చూడు అంది. పిల్ల చేపను చూడలేదు. ఆయమ్మ ముఖం చూసింది, ఆ తర్వాత గుమ్మం వైపు చూసింది. పెద్దక్క చేతిలో పెన్ను ఆగిపోయింది, ఎందుకంటే ఆ చూపు తనది.

అదిగో పిట్ట. పిన్ని గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. అమ్మ ఆసుపత్రిలో నర్సు, పొద్దుటి డ్యూటీకి వెళ్ళాలి, పిన్ని తనను చంకనెత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అదిగో పిట్ట, ఎంత బాగుందో చూడు అనేది, తను పిట్ట కోసం వెతుకుతూ ఉండగా వెనక వంటింటి తలుపు మెల్లగా మూసుకునేది. అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళేది, చప్పుడవకుండా. ఒకసారి తల తిప్పి చూసింది కాబట్టి తెలుసు, తెల్ల చీర అంచు, చేతిలో వేలాడుతున్న చెప్పులు, పిల్లి అడుగులు. ఆ తర్వాత పిట్టలను చూడటం మానేసింది. ఎవరైనా అదిగో అంటే ముందు ఆ అన్నవాళ్ళ ముఖం చూడటం, ఏం దాస్తున్నారో కనిపెట్టడం. ఆ అలవాటు ఎంతకీ పోలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన మేడ మీద నిలబెట్టి, అదిగో చందమామ అని చెయ్యి చూపిస్తే తను కళ్ళార్పకుండా ఆయన ముఖమే చూసింది, ఆ మహానుభావుడు దాన్ని ప్రేమ అనుకుని పొంగిపోయాడు, ఇప్పటికీ చుట్టాల ముందు ఆ సంగతి చెప్పుకుని మీసం దువ్వుకుంటాడు, మా ఆవిడ చందమామను వదిలేసి నన్నే చూసిందండీ అని. ఉన్న సంగతి చెప్పి ఆ కాస్త సంబరం ఎందుకు పాడుచెయ్యాలి అని ఊరుకుంది. తర్వాత్తర్వాత ప్రేమ కూడా వచ్చింది కాబట్టి ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు.

ఆ చూపుకు పుస్తకాల్లో చోటుందని తెలిసింది మాత్రం ఈ చదువులోనే. మొదటి ఏడాది ఒక మధ్యాహ్నం, సగం క్లాసు కునికిపాట్లు పడుతుండగా ప్రొఫెసర్ మేడమ్ మామూలు గొంతుతోనే చెప్పింది, ఏడవని పిల్లను చూసి సంతోషించే ముందు ఆ పిల్ల దేనికోసం ఎదురుచూస్తోందో కనుక్కోండి అని. వెనక బెంచీలో పెద్దక్క నిటారుగా కూర్చుంది. ముప్పై ఏళ్ళకు పైగా తనొక్కదాని తిక్క అనుకున్నదాన్ని ఈ మనిషి నల్లబల్ల మీద రాసి కింద గీత గీస్తోంది. ఆరోజు ఇంటికెళ్ళి వంట చేస్తూ ఉల్లిపాయల వంక పెట్టుకుని ఏడ్చింది, బాధతో కాదు, తేలిక పడి. అప్పటినుంచి ఈ చదువు తనదైపోయింది. కుర్చీ కోసం వచ్చిన మాట నిజమే, కానీ ఆ సాయంత్రం నుంచి కుర్చీ లేకపోయినా చదివేదే.

మిరపగింజ గొంతు బొంగురుపోయింది. పెద్దక్క మోకాలు మార్చి కూర్చుని, దగ్గరికి జరగకుండా, దూరం పోకుండా, నాన్న పనికెళ్ళాడు, నీకు కోపంగా ఉంది, ఏడు, నేనిక్కడే ఉన్నా అంది. పిల్ల వినలేదు, లేదా విని ఇంకా గట్టిగా ఏడ్చింది. మిరపగింజ అన్న పేరు వాళ్ళ నాన్న పెట్టిందే. కుటుంబాలను ఇళ్ళకు వెళ్ళి చూసి రావాలని ఈ చదువులో నియమం, ఆ నియమం లేకపోతే ఈ పిల్ల మాట్లాడుతుందనే తెలిసేది కాదు. ఇంట్లో చూడాలి దాని దర్జా. నాన్న వీపెక్కి కూర్చుని అటు నడువు ఇటు నడువు అని పెత్తనం చేస్తోంది, వాళ్ళమ్మ బట్టల ఫ్యాక్టరీలో తెల్లవారుజాము డ్యూటీ, పిల్ల లేవకముందే వెళ్ళిపోతుందట, లేపితే ఏడుస్తుందని లేపదు. పెద్దక్క నేల మీద కూర్చుని పిల్లతో మంచీ చెడ్డా మాట్లాడి, మాటల మధ్యలో అడిగింది, నిన్ను బళ్ళో దించాక నాన్న ఎక్కడికెళ్తాడమ్మా అని. పిల్ల ఏం తెలియనిదాన్ని చూసినట్టు చూసింది.

"బండి పెడుతున్నాడు," అంది. కాస్త ఆగి, నాన్న తరఫున సర్దిచెబుతున్నట్టు, "ఇంకా చోటు దొరకలేదు," అంది.

తండ్రి వీపు మీద పిల్లను అలాగే ఉంచుకుని నేల మీద కూలబడిపోయాడు. మూడు నెలలుగా ఈ పిల్ల సంచీ తీయకుండా, బూట్లు విప్పకుండా నిలబడింది అందుకు. నాన్న వెళ్ళిపోలేదు కదా, వెళ్ళిపోతేనే కదా ఏడవాలి, నాన్న వీధిలోనే ఎక్కడో బండికి చోటు వెతుక్కుంటున్నాడు, ఇదిగో వచ్చేస్తాడు. సాయంత్రం వస్తాడు కూడా, అంటే రోజూ అంతసేపూ పడుతుందన్నమాట పాపం. ఆ రాత్రి ఆ ఇంట్లో ఆ మాట మీద ఎవరూ నవ్వలేదు, పెద్దక్క కూడా నవ్వలేదు, బస్సులో కూర్చున్నాక ఒకసారి నవ్వొచ్చి, ఆ నవ్వు మధ్యలోనే ఆపేసి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇది ఏడిస్తే నేను వెళ్ళలేనండి అన్నాడు తండ్రి, వెళ్ళకపోతే పని పోతుంది. అతను చెడ్డవాడు కాదు, మెత్తటివాడు, మెత్తటివాళ్ళే పిట్టల్ని ఎక్కువ చూపిస్తారు. ఏం చెప్పాలో ఇద్దరూ కలిసి అనుకున్నారు, ఎక్కడికి వెళ్తున్నాడో ఒక మాట, ఎప్పుడు వస్తాడో ఒక మాట, ముద్దు, వెనక్కి తిరగకుండా నడవడం. చెప్పడానికి అతనికి నోరు రాలేదు. రేపు, రేపు అంటూ వచ్చాడు. చివరికి ఇవాళ, అన్ని రోజులూ వదిలేసి ఇవాళ, గుండె దిటవు చేసుకుని వచ్చి, గుమ్మంలో పెద్దక్క మెడలో పరీక్ష బిళ్ళ చూసి ఆగిపోయాడు.

"ఇవాళ మీకు పరీక్షంట కదండీ. పోనీ రేపట్నించి చెప్పనా?"

ఎంత తేలిగ్గా సరేననొచ్చో. సరే అంటే చాలు, మిరపగింజ రోజూలాగే గుట్టుచప్పుడు కాకుండా గుమ్మం చూస్తూ నిలబడేది, రంగు నీళ్ళ బల్ల కళకళలాడేది, పరీక్షాధికారి పెన్ను ఆడుతూ పాడుతూ నడిచేది, గది కుదురుకుంది అని రాసి సంతకం పెట్టి ఆయన తన రైలు చూసుకునేవాడు. రేపు పొద్దున్న పట్టా చేతికొచ్చాక ఈ పని చేసుకోవచ్చు. కానీ రేపటికి ఇతని ధైర్యం ఉంటుందన్న నమ్మకం లేదు. అంతకంటే ముఖ్యం, ఈ పిల్లను ఇంకో రోజు గుమ్మం ముందు నిలబెట్టి, ఆ నిలబడటాన్ని చూపించి మార్కులు తెచ్చుకోవడం అంటే తనకు ఒళ్ళు మండింది. వంటింటి తలుపు మెల్లగా మూసుకున్న చప్పుడు విన్నది తను. ఆ తలుపు మూసేవాళ్ళలో తను చేరదు.

"ఇవాళే చెప్పండి," అంది.

"ఏడుస్తుందండి."

"ఏడవనివ్వండి. నేనున్నాను."

అతను మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల రెండు చేతులూ పట్టుకుని చెప్పాడు, నాన్న పనికెళ్తున్నాడమ్మా, బండి పెట్టడానికి కాదు, నువ్వు పడుకుని లేచి పాలు తాగాక వస్తాడు. ముద్దు పెట్టుకుని లేచాడు. వెనక్కి తిరగలేదు, తిరగకుండా నడవడానికి ఎంత కష్టపడ్డాడో అతని మెడ వెనక నరాలు చూస్తే తెలిసింది. పిల్ల అతను మలుపు తిరిగేదాకా చూసింది. మూడు నెలల్లో మొదటిసారి, చూడటానికి ఇంకేమీ లేకుండా పోయింది. అప్పుడు నోరు తెరిచింది.

అమ్మ పొద్దున ఫోను చేసింది, పరీక్ష కదా అని దీవించడానికి. దీవించి, ఎప్పటిలాగే గొప్పలు మొదలుపెట్టింది, నువ్వు అసలు ఏడ్చిన పిల్లవే కాదు, పిన్ని దగ్గర వదిలేసి వెళ్తే ఉలుకూ పలుకూ ఉండేది కాదు, నీలాంటి బుద్ధిమంతురాలు ఆ వీధిలోనే లేదు. ఈ మాట ఇంతవరకు ఎన్నిసార్లు విని ఊకొట్టిందో. ఇవాళ ఊకొట్టలేదు. కోపం కూడా రాలేదు, కోపం ఒకప్పుడు నిండుగా ఉండేది, అది ఎప్పుడు ఖాళీ అయిందో తెలియదు. మామూలుగా అడిగింది, అమ్మా, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళేదానివి కదా, బయటకెళ్ళాక ఎక్కడ వేసుకునేదానివి అని.

"మెట్ల మీద కూర్చుని వేసుకునేదాన్ని," అంది అమ్మ. "అక్కడ కూర్చునే ఏడ్చేదాన్ని. నువ్వేడిస్తే నేను వెళ్ళగలిగేదాన్నా?"

వ్యాను నడిపే మనిషి మాటే, అక్షరం పొల్లు పోకుండా. తలుపుకు ఇటువైపు ఏడవకుండా తను, అటువైపు మెట్ల మీద ఏడుస్తూ అమ్మ, మధ్యలో లేని పిట్ట. సరేలే అమ్మా, సాయంత్రం వచ్చి మాట్లాడతా, నీ దగ్గరే భోంచేస్తా అని చెప్పి చెప్పులు వేసుకుని, కావాలనే టకటకా చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగింది. అందుకే ఇవాళ ఒంట్లో కంగారు దొరకడం లేదేమో. పట్టా రాకపోతే బాధ ఉంటుంది, ఉండదని ఎవరన్నారు, మొగుడు ఓదారుస్తాడు, కూతురు ఏడిపిస్తుంది, ఇంకో ఏడాది ఈ చాప మీదే మోకాళ్ళు అరగదీసుకుంటుంది. చేసిన పని మాత్రం సరైనదే. ఇలాంటి సంగతుల్లో పెద్దక్కకు తన మీద తనకు నమ్మకం ఎక్కువ, ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు, చదివి తెచ్చుకుంది.

ఏడుపు సన్నబడింది. పిల్ల లేచి కూర్చుంది. వెక్కిళ్ళ మధ్య గుమ్మం వైపు ఒకసారి చూసి, పెద్దక్క వైపు చూసి, లెక్క సరిచూసుకుంటున్నట్టు, "పాలు తాగాక," అంది. అవును, పాలు తాగాక అంది పెద్దక్క. పిల్ల ముక్కు చేత్తో తుడుచుకుని, ఆ చెయ్యి పెద్దక్క చీరకు తుడిచింది, ఇస్త్రీ చేసి దాచుకున్న పరీక్ష చీర. తర్వాత ఒక భుజం వంచింది. సంచీ జారి కింద పడింది. ఒక బూటు లాగి పారేసింది, రెండోది రాకపోతే కాలు చాపింది, పెద్దక్క ముడి విప్పింది. కవలలు ఏడవడం మరచిపోయి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఆయమ్మ చేతిలో గరాటు ఆగిపోయి ఎర్ర నీళ్ళు నేల మీద కారుతున్నాయి, తుడవాల్సిన మనిషే పోస్తోంది. అప్పుడే గంట మోగింది.

అద్దం పక్కనున్న తలుపు తెరుచుకుని ముందు పరీక్షాధికారి, వెనక ప్రొఫెసర్ మేడమ్ వచ్చారు. పెద్దక్క లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి, నేల మీద చెయ్యి ఆనించి లేస్తూ ఉంటే, గంటంతా ఒక్క పిల్ల దగ్గరే కూర్చున్నారు అన్నాడు ఆయన. కూర్చున్నానండి అంది. ఎందుకని ఆయన అడగలేదు. ముందు ఆయన ముఖం చూడాలి, పాసో ఫెయిలో అంతా అక్కడే రాసి ఉంటుంది, ముఖాలు చదవడంలో తనను మించినవాళ్ళు లేరు, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చేస్తున్న పని అదే. ఆయన ఆమె భుజం మీదుగా గదిలోకి చెయ్యి చాచాడు.

"అదిగో, అటు చూడండి," అన్నాడు. "దీనికి ఏ గడిలో మార్కు వేయాలా అని మేడమ్‌ని అడుగుతున్నాను."

పెద్దక్క ఆయన ముఖం చూడలేదు. ఆయన చెయ్యి చూపించిన వైపే తల తిప్పింది. చేపల తొట్టి ముందు మిరపగింజ ఉత్త కాళ్ళతో, గుమ్మానికి వీపు పెట్టి నిలబడి, గాజుకు ముక్కు ఆనించి, ఎర్ర చేపను చూస్తోంది.